అన్న చెవి సాక్ష్యం

బేతంచెర్ల,
సోమవారం.

తమ్ముడు భూపేష్‌కు అన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ వదిన శివలీలా క్షేమంగానే ఉన్నాం. కడప ఎండల్లో కొట్టు చూసుకుంటూ వేళకు తింటున్నావో లేదో రాయి.

ఫోన్ ఎత్తని అన్నకు ఉత్తరమే దిక్కని దెప్పుతూ నువ్వు రాసినది అందింది. మా బండల ఫ్యాక్టరీలో నాతో పనిచేసే గోపన్న ఎలా ఉన్నాడని అడిగావు. ఆసుపత్రి నుంచి వచ్చాడు. బండ పడిన కాలికి రెండు వేళ్లు తీసేశారు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఆ లావు పవర్ కేబుళ్లు వంద తెప్పిస్తున్నానని, ఇంట్లో పాటల సెట్టు పెట్టించుకునే వాళ్లందరికీ "మా అన్న చెవి పరీక్షించింది" అని చెప్పి అమ్ముతానని రాశావు. బండను సుత్తితో తట్టి, లోపల పగులుందో లేదో మోతను బట్టి చెప్పేవాణ్ణి కాబట్టి నా చెవి మీద నీకంత గురి. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

పోయిన నెల నువ్వొచ్చి మన సెట్టుకు మామూలు వైరు ఒకసారి, ఆ కేబుల్ ఒకసారి పెట్టి తేడా అడిగావు. "ఇప్పుడు గొంతు ఇడిగా తెలుస్తాండాది, అడుగున గుయ్‌మనేది పోయిండాది" అన్నాను. నువ్వు ఎగిరి గంతేశావు. నువ్వు బస్సెక్కాక మీ వదిన నిలదీసింది.

"ఏమయ్యా, వాడు పాట పెట్టకముందే తల ఊపితివే! సెట్టు ఎనక వంగి ఉన్న్యాడు కాబట్టి వాడు సూడలే. నేను సూసినా."

కసిరి ఊరుకోబెట్టాను. కానీ భూపేష్, నాకు చెవులు పోయాయి. పదిహేడేళ్లు పాలిష్ మిషన్ల పక్కన నిలబడ్డాను కదా. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటున్నాను. ఫోన్లో అది కుదరదు, అందుకే ఎత్తను. ఆ రోజు నీ ముఖం చూసి, నువ్వు ఏం వినాలనుకుంటున్నావో అదే చెప్పాను.

ఎత్తుతుండగా పగులు దగ్గర విరిగి గోపన్న కాలి మీద పడిన బండను మంచిదని లారీకి పంపింది కూడా నేనే. తట్టాను. చేతికి అదురు తెలిసింది, చెవికి ఏమీ తెలియలేదు. అయినా అలవాటు కొద్దీ "ఖంగుమనింది, ఎత్తండి" అన్నాను. నిన్న వెళ్లి ఆ సంగతి అతనికి చెప్పాను.

"ముందే చెప్పింటే ఏం పోతాండె అన్నా? ఇంకొకరం తట్టేవాళ్లం కదా" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఈ ఉదయం యజమానికి కూడా చెప్పి, సుత్తి ఇచ్చేశాను. వేరే పని చూస్తానన్నాడు, చూడాలి.

కేబుల్‌తో తేడా ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే ఉండొచ్చు. ఏది పెట్టారో నీకు చెప్పకుండా ఎవరితోనైనా వైర్లు మార్పించి, కళ్లు మూసుకుని నువ్వే పదిసార్లు విను. అంతవరకు ఆర్డరు ఆపు. నా పేరు మాత్రం ఎవరి దగ్గరా చెప్పొద్దు.

నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. ఉత్తరంలో తిట్టకు, వచ్చి తిట్టు. నా ఎడమ పక్కన కూర్చో. ఆ చెవిలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది కూడా పోకముందే నీ గొంతు వినాలని ఉంది.

ఇట్లు,
నీ అన్న,
నారాయణ