సిద్రా పత్రంలో తండ్రి పేరు

ఖుర్షీదా,

సిద్రాను తీసుకొని వికారాబాద్ వెళ్తున్నాను. పప్పు ఉడికింది, ఉప్పు వేయలేదు. ఫోను చార్జింగులో పెట్టు. సైన్స్ ఫెయిర్ బహుమతికి దాని పేరు పిలవగానే వీడియో కాల్ చేస్తాను. పర్వేజ్ పోయాక నువ్వు ఇంటిపట్టున పాటించే ఇద్దత్ గడువు ఇంకా నలభై రోజులుంది, గడప దాటలేవు. ఇంట్లోంచే చూడు.

ఇవాళ ఇవ్వబోయే ప్రశంసాపత్రం నిన్న బడిలో చూపించారు. తండ్రి పేరు పర్వేజ్ అని మాత్రమే ఉంది. మనిషి పోయాడు కదా, ముందు 'లేట్' అని చేర్చమని చెప్పబోయాను. సిద్రా నా చెయ్యి పట్టుకుంది.

"గట్లనే ఉండనియ్యి మామూ. నా మోడల్ల అబ్బా బిగించిన మోటరే గదా ఇంకా తిరుగుతున్నది."

ముప్పై ఏళ్లుగా పత్రికలో పేర్లు సరిచేస్తున్నాను. దీన్ని వదిలేశాను.

కరీం భాయ్

పత్రం ఇంటికి తెచ్చాక నువ్వు కూడా ఏమీ అనకు.