సగం బిగించిన క్లాంపు

జూన్ 3
బావ వచ్చాడు. పలకరింపు లేదు, మంచినీళ్లు ఇస్తే తాగలేదు. కారు నా షెడ్డు మధ్యలో ఆపి, డిక్కీలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పడేశాడు. ఇంటర్‌కూలర్. టర్బో ఊదే వేడిగాలిని చల్లార్చే జాలీ. ఆ బుల్లి కారుకు కంపెనీ ఇచ్చింది నోటుపుస్తకమంత ఉంటుంది. ఇది చాటంత ఉంది.
"ఎండకు బండి లాగడంల్యా. ఇది బిగించు."
"ఇది పట్టదు బావా."
"పట్టించు."
అక్క మొగుడు కాబట్టి నోరు మూసుకున్నాను. పన్నెండేళ్లుగా మూసుకునే ఉన్నాను.

జూన్ 4
బంపర్ విప్పాను. మూడుసార్లు కొలిచాను. దాని వెనక ఉన్న ఇనప దూలం అడ్డం. కోస్తే తప్ప కొత్తది కూర్చోదు. కోస్తే, రేపు దేన్నైనా గుద్దితే కాచేది ఏమీ ఉండదు. ఫోన్ చేసి చెప్పాను.
"నీకు చాతగాదని చెప్పు, సరిపాయె."
పెట్టేశాడు. ఎంత పొగరు!

జూన్ 6
ఇది రాయకపోతే కడుపుమంట చల్లారదు.
ఆళ్లగడ్డ నుంచి సొంత గ్రైండర్ తెచ్చుకున్నాడు. విగ్రహాల రాయి కోసేది. దానికి ఇనుము కోసే బిళ్ల వేశాడు. ఎర్రరంగులో ముంచిన దారం దూలం మీద సాగదీసి టప్పున వదిలాడు. గీత పడింది. నా షెడ్డులో, నా గిరాకీల ముందు, గొంతుక్కూర్చుని దూలం కింది సగం కోసి పారేశాడు.
"మీ నాయన ఎద్దులబండ్లకు పట్టాలేసినోడు. నీకు సుత్తి తప్ప ఏం తెల్సప్పా? మేం దేవుండ్లను చెక్కేటోళ్లం."
నాయన పోయి మూడేళ్లు కూడా కాలేదు. ఆయన కొలిమి గురించి, అందరూ వింటుండగా.
కోత మాత్రం... గీత నుంచి వెంట్రుకవాసి పక్కకు పోలేదు. అందుకు ఇంకా మండింది.

జూన్ 7
బిగించాను. బ్రాకెట్లు నేనే చేశాను. రబ్బరు పైపులన్నీ కొత్తవి. చివరి క్లాంపు దగ్గర చెయ్యి ఆగింది. ఇంజిన్‌లోకి గాలి పోయే పైపును పట్టి ఉంచేది అదే. ఐదు చుట్లు తిప్పాలి.
రెండే తిప్పాను.
ఏమవుతుంది? హైవే మీద గట్టిగా తొక్కుతాడు, పైపు ఊడుతుంది, బండి చచ్చుబడుతుంది. పక్కకు తీసి ఆపుకుంటాడు. ఎవరి బండికో తాడు కట్టించుకుని నంద్యాలకు వస్తాడు, నా ముందుకు, తల వంచుకుని. అంతే కదా... అంతే.
కారు తీసుకుపోయాడు. బాగుందని ఒక్క మాట లేదు.

జూన్ 8
ఫోన్ రాలేదు.

జూన్ 9
రాలేదు. నేనే పోయి లాక్కురావాల్సి వస్తే అని తాడు తీసి పెట్టాను.

జూన్ 11
అక్క ఫోన్.
"బడి తెరుస్తాండారు గదా. కారు నాకిచ్చేసినాడ్రా మీ బావ. రేపట్నించి నేనే తోలుకొని పోతా."
అక్క టీచరు. ఈసారి బదిలీలో బడి కోయిలకుంట్ల వైపు మారిందట. నాకు ఇప్పుడే తెలిసింది.
"ఆ రోడ్డున నాపరాళ్ల లారీలు దాటాలంటే బండి లాగడంల్యా అని నేనే ఒగసారి అన్యా. అది మనసులో పెట్టుకున్యాడు. నువ్వు బిగించినావు గదా, నాకేం భయం."
అది హైవే కాదు, సింగిల్ రోడ్డు. పక్కన లారీ, ఎదురుగా బస్సు, సరిగ్గా అప్పుడు పైపు ఊడితే... ముందు దూలం కూడా సగమే.
చిన్న పని మిగిలింది, రేపు బండి తీయొద్దు అనాలి. ఎందుకు మిగిలిందని అడుగుతుంది. "సరే అక్కా" అని పెట్టేశాను.
ఛీ. నా బతుకు.

జూన్ 12
పొద్దున్నే స్క్రూడ్రైవర్ జేబులో వేసుకుని బైక్ మీద ఆళ్లగడ్డ. అక్క అప్పటికే వెళ్లిపోయింది. బావ ఇంటి ముందు పందిరి కింద ఏదో అమ్మవారి వేళ్లు చెక్కుతున్నాడు. నా జేబు వైపు చూశాడు.
"ఆ క్లాంపు నేను బిగించినాలే. తెచ్చిన పొద్దే. చెయ్యి పెడితే తిరిగె."
"మర్చిపోయినా బావా..."
"అన్నీ బిగించినోడు ఒగటి మర్చిపోడు."
స్క్రూడ్రైవర్ పిడిని జేబులో ఇంకా లోపలికి తోశాను.
"మీ అక్కకు నేనేం చెప్పల్యా."
ఉలి మళ్లీ రాయి మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. తిరిగి వస్తూ దారి పొడుగునా ఆయన్నే తిట్టుకున్నాను. శిరివెళ్ళ దాటాక నన్ను నేను.

జూన్ 14
బావ కోసేసిన దూలానికి దన్నుగా ఇనప పట్టీ కోస్తున్నాను. గట్టిది, మందం ఎక్కువ. కోసే ముందు గీత దారంతో కొట్టాను, ఆయన కొట్టినట్టే. ఎవరూ చూడలేదు.
మధ్యాహ్నం అక్క ఫోన్. బండి బ్రహ్మాండంగా లాగుతోందట, లారీలన్నీ వెనకేనట. నవ్వుతోంది.
"రేపు ఆదివారం గదా, రా. ఉగ్గాని చేస్తా. మీ బావే పిలవమన్యాడు."
ఆయనా? నన్నా?
"నువ్వు నాకేందో చెప్పేదుందంట గదా. ఏందిరా అది?"
ఏమీ లేదన్నాను.
"ఏమీ లేకపోతే మీ బావ ఎందుకంటాడ్రా?"
సిగ్నల్ లేదని పెట్టేశాను. పట్టీ బైక్‌కు కట్టి ఉంది. పోవాలా, వద్దా...