తాతగారి వేళ్ళు

వదినా, నా జలుబు పూర్తిగా తగ్గింది, అమ్మని బెంగపడొద్దని చెప్పు.

డాక్టరు, నర్సు, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదివే నలుగురు పిల్లల్ని వెంటేసుకుని పల్లెల్లో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మొన్న బీపీ దిగని ఒక తాతగారిని నలుగురూ వరసగా ఒకే ప్రశ్న అడిగారు. "వీళ్ళంతా ఒక్క వ్యానులోనే వచ్చారు కదమ్మా, దారిలో మాట్లాడుకోలేదా?" అన్నారాయన నాతో. నాకు తల కొట్టేసినట్టయింది. అందర్నీ గుమ్మం బయటికి తీసుకెళ్ళి, ఎవరేం చూశారో ఒకరికొకరు చెప్పుకోమన్నాను.

మందు డోసు పెంచాలన్నాడు డాక్టరబ్బాయి. ఇచ్చిన మాత్రలు సగం షీట్లలోనే ఉన్నాయంది ఫార్మసీ అమ్మాయి. ఆయన వేళ్ళకి పట్టు లేదన్నాడు ఫిజియో అబ్బాయి. దాంతో విషయం తేలిపోయింది. షీటు నొక్కి మాత్ర తీయలేక, ఆ మాట పైకి చెప్పుకోలేక, పెద్దాయన చాలా రోజులు మందు మానేస్తున్నారు. రోజూ పొద్దున మాత్ర తీసి చేతిలో పెట్టమని నర్సమ్మాయి పక్కింటావిడని ఒప్పించింది. డోసు పెంచే పనే లేకపోయింది.

నేనిక్కడ నిశ్చింతగా పాఠాలు చెప్పుకుంటున్నానంటే అదంతా నీ చలవే. అన్నయ్య కళ్ళజోడు మార్పించుకున్నాడా? నా నీలం స్వెటరు పంపు. చంటిదానికి ముద్దులు.

నీ ఆడపడుచు

చోటు లేక అంచున రాస్తున్నాను: అమ్మ మాత్ర వేసుకునేటప్పుడు ఓసారి పక్కనే ఉండు. ఏమీ అడగొద్దు, అడిగితే "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. తాతగారూ మాతో అదే అన్నారు. వేళ్ళు చూడు, చాలు.