చీటీ మీద పద్దెనిమిది

బోధన్,
23 మార్చి 2025, ఆదివారం.

చిరంజీవి నితీష్‌కు,

ఎర్రయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మా శారమ్మా, అమ్మాయి ఆశా దేవుని దయ వల్ల బాగున్నాం. నవీపేట్‌లో నువ్వూ, మీ బాపు పోశన్న గారూ, అవ్వ రేణుకమ్మ గారూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. ఎంత బాగున్నారు సార్ అని నువ్వు అడగకముందే చెబుతాను. మా చర్చికి తొమ్మిది మెట్లు. పోయిన ఏడాది మూడో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునేవాణ్ణి. ఇప్పుడు అయిదో మెట్టు దాకా పోతున్నాను. పాస్టరు గారు ఇది ప్రార్థన ఫలితం అంటారు. శారమ్మ తను పెట్టే రాగి జావ ఫలితం అంటుంది. ఇద్దరితోనూ నాకు పని ఉంది కాబట్టి ఇద్దరికీ ఔననే చెబుతున్నాను.

నేనెవరో గుర్తొచ్చిందా? 2021 మే నెల. నిజామాబాద్‌లో, ఖలీల్‌వాడిలోని ఆ చిన్న ఆసుపత్రి, నాలుగో నంబరు మంచం. కరోనాతో వచ్చి పడుకుని కూడా, రక్తం తీయడానికి వచ్చిన ల్యాబు టెక్నీషియన్‌వు నీకే ట్యూబు అట్ల గుంజి ఊపకు, మెల్లగా తిప్పు అని పాఠం చెప్పిన ముసలాయన. ఏం చేయను, చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ముప్పై ఏళ్ళు చెరుకు రసం పరీక్షించినవాణ్ణి. ఊపిరి ఆడకపోయినా నోరు ఊరుకోదు. నువ్వు మాస్కు లోపల నవ్వేవాడివి. నాకు నీ కళ్ళు మాత్రమే కనిపించేవి.

సీఆర్పీ అంటే ఏందిరా అని అడిగితే నువ్వు చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు. లోపల మంట ఎంత రగులుతున్నదో రక్తం చెప్పే లెక్క సార్, పది లోపల ఉంటే మంచిది, వంద దాటితే డాక్టర్లకు బుగులైతది అన్నావు. ఫెరిటిన్ అనీ డి-డైమర్ అనీ ఇంకా ఏవేవో చెప్పావు గానీ నేను సీఆర్పీనే పట్టుకున్నాను. పొద్దున లేస్తే ఈరోజు ఎంతొచ్చింది అని అదే ధ్యాస. నువ్వు చిన్న చీటీ మీద పెన్నుతో రాసి తెచ్చేవాడివి. అయిదో రోజు చీటీ మీద పద్దెనిమిది అని ఉంది.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, పోయిన నెల మా ఆశా పసుపు మార్కెట్‌కు పోయింది. అక్కడ నువ్వు మీ బాపుతో కలిసి బస్తాలు దింపుతున్నావట. ఆశాను చూసి తల వంచుకుని బస్తాల వెనక్కి పోయావట. ఇంటికొచ్చి అమ్మాయి అన్నం ముట్టలేదు. ఏమైంది బిడ్డా అంటే, నాలుగేళ్ళ నుంచి దాచుకున్నదంతా ఆ పొద్దు చెప్పింది.

నాకు అసలు అంకె చెప్పొద్దని నీ కాళ్ళా వేళ్ళా పడి బతిమాలింది తనేనట. మా బాపుకు అంకెల పిచ్చి, పెద్ద అంకె జూస్తే ధైర్యం చెడుతడు, చిన్నది రాసి ఇయ్యి అన్న అని. వార్డులో అప్పుడదొక రివాజు అయిపోయిందనీ, డాక్టరు ఫైల్లో అసలు రిపోర్టు, పేషెంటు చేతికి ధైర్యం చీటీ అనీ చెప్పింది. ఆ రోజు ఫైల్లో నా సీఆర్పీ నూట పద్దెనిమిదట. నువ్వు ముందున్న వందను తీసేశావు.

ఆ తర్వాత జరిగింది నీకూ తెలుసు. ఆశా మందుల కోసం ఊరంతా తిరుగుతున్నప్పుడు నేను ఇంటికి పోతానని లేచి కూర్చున్నాను. రెండు రోజులు ఆగమని డాక్టరు అన్నాడు. నా బాధ్యత మీదనే పోతున్నానని సంతకం పెట్టాను. ఇందల్వాయి నుంచి ఆటోలో వచ్చి, మంచం దొరకక వరండాలో పడి ఉన్న లింగవ్వ అనే ఆమెను నా మంచం మీద పడుకోబెట్టారు. ఆశా వచ్చేసరికి నేను గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డాను. నిజం చెబితే అక్కడే కూలిపోతానేమోనని అమ్మాయి నాకేమీ చెప్పలేదు. ఆ కోపమంతా నీ మీద చూపించిందట. నీ చీటీయే మా బాపును చంపుతది, నీ చేతితోని ఇంకెవ్వరికీ రక్తం తియ్యకు అని ల్యాబు గుమ్మంలో నిలబడి అరిచిందట. ఇంట్లో నేను మూడు వారాలు ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని బతికాను. నువ్వు మాత్రం వారం తిరగకుండానే ఉద్యోగం మానేసి ఊరికి పోయావు.

బిడ్డా, నీ మీద నాకు కోపం లేదు. అడిగింది మా అమ్మాయి. రాసింది నువ్వు. నమ్మింది నేను. ముగ్గురిలో ఎవరికీ చెడు బుద్ధి లేదు. ఆశా నీకు క్షమాపణ చెప్పాలని ఎంతో అనుకుంటోంది, ఫోను చేయడానికి ధైర్యం చాలక నన్ను రాయమంది. నేను నిన్ను మనసారా క్షమించాను. పసుపు పండించడం గొప్ప పనే, కాదనను. కానీ సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా తెలియని చెయ్యి నీది. ఆ చేతిని నాలుగేళ్ళు మన్నులో పెట్టావు.

ఇక పని మాట. బోధన్ బస్టాండు దగ్గర పిల్లల డాక్టరు సంజన గారు కొత్తగా ల్యాబు పెడుతున్నారు. టెక్నీషియన్ కావాలంటే నీ పేరు చెప్పాను. చీటీ సంగతి కూడా దాచలేదు. ఫైల్లో సరిగ్గ రాసిండా లేదా అని ఒక్కటే అడిగింది. ఫైల్లో ఎన్నడూ తప్పు రాయలేదమ్మా అన్నాను. అయితే రమ్మనుండ్రి, ఏప్రిల్ అయిదు దాకా చూస్త అంది. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటుంది. నవీపేట్ నుంచి రోజూ రావడం కష్టమైతే మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంది. మీ బాపుకు, అవ్వకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
ఎర్రయ్య

తా.క. (మంగళవారం): నిన్న కవరు అంటించబోతూ మొత్తం ఒకసారి చదువుకున్నాను. సిగ్గేసింది. పెద్ద మనసున్న వాడిలాగా నిన్ను క్షమిస్తూ రాశాను.

నితీష్, నీ చీటీ అబద్ధమని నాకు ఆ పొద్దే తెలుసు. తొంభై, డెబ్బై రెండు, యాభై నాలుగు, ముప్పై ఆరు, పద్దెనిమిది. రోజుకు సరిగ్గా పద్దెనిమిది చొప్పున తగ్గించావు. నిజమైన రీడింగు అట్లా దిగదురా. ఒకనాడు ఎక్కుతుంది, ఒకనాడు ఆగుతుంది, ఒకనాడు మనల్ని ఏడిపిస్తుంది. ఫ్యాక్టరీలో పరీక్ష చెయ్యకుండా కూర్చున్న చోటనే అంకెలు వేసేసే వాళ్ళను నేను పట్టుకున్నది అట్లాగే. అబద్ధం చెప్పడం నీకు చేతకాదు. నర్సు సుమనను పిలిచి ఫైల్లో ఎంత ఉంది తల్లీ అని అడిగాను. పాపం, నేల చూస్తూ నూట పద్దెనిమిది అంది.

తెలిసే లేచాను. నాది దయ అనుకోకు. లింగవ్వ ఊపిరి కోసం కొట్టుకుంటున్న చప్పుడు కిటికీలోంచి నా మంచం దాకా వినిపిస్తుండేది. రెండు గంటలు విన్నాను. మూడో గంట వినలేకపోయాను. అంతే. ఆమె బతికి ఇంటికి పోయిందని తర్వాత సుమన ఫోను చేసి చెప్పింది. నువ్వు ఉద్యోగం మానేశావనీ, ఎందుకు మానేశావో కూడా అప్పుడే చెప్పింది. అంటే ఆశా చెప్పేదాకా నాకేమీ తెలియదన్నట్టు పైన రాసింది కూడా అబద్ధమే.

నీ తప్పు లేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. నాలుగేళ్ళు ఆ మాట నోట్లోనే పెట్టుకున్నాను. చెబితే శారమ్మ అడుగుతుంది, ముక్కూ మొఖం తెలియని మనిషి కోసం నన్ను ఒక్కదాన్ని చేసి పోదామనుకున్నవా అని. పద్దెనిమిది చూసి మోసపోయాననుకుని ఇంట్లో అందరూ నన్ను చూసి జాలిపడ్డారు. ఆ జాలి హాయిగా ఉంది. నీ చీటీ వెనక దాక్కుని బతికాను.

నిన్న ఇదంతా శారమ్మకు, ఆశాకు చెప్పాను. ఆశా చాలాసేపు ఏడ్చింది. శారమ్మ ఈ పొద్దు నాకు రాగి జావ పెట్టలేదు. నీ కోసం ముందు గది మాత్రం ఊడ్చి పెట్టింది.

క్షమించాల్సింది నేను కాదు, నువ్వు. తొందరేమీ లేదు. నన్ను క్షమించకపోయినా సరే, అయిదో తారీఖు లోపల ల్యాబుకు రా.