పూల మధ్య అమ్మ చెయ్యి

1982 నవంబర్, ఆదివారం

బొంబాయిలో కడిగించిన నా సినిమా రీలు వచ్చేసింది! కాలేజీ ప్రొజెక్టరు తెచ్చి, గోడకు దుప్పటి కట్టి ఇంట్లోనే ఆడించాం. గునుగు, తంగేడు పూలు వాటంతటవే నడిచొచ్చి తాంబాళంలో బతుకమ్మ అవుతుంటే ఒళ్లు ఝల్లుమంది. ఒక్కో పువ్వూ జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసిన రెండు రోజుల కష్టం, నిమిషంలో అయిపోయింది!

కానీ మధ్యలో ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి మెరిసి మాయమైంది. పూలు వాడకుండా అమ్మ నీళ్లు చల్లుతుంటే చూసుకోకుండా కెమెరా మీట నొక్కేశాను.

"గా ముక్క కత్తిరించుర భయ్, ఫిల్ముల పోటీకి పంపాలె గద," అన్నాడు దోస్తు రాజు.

అమ్మ నవ్వింది. "ఎవ్వలన్న పూలు పేరిస్తెనే గద బిడ్డా, బతుకమ్మ అయ్యేది."

పోటీలో తప్పు పడతారేమో. అయినా కత్తెర తియ్యలేదు. రీలు మళ్లీ మొదటి నుంచి ఆడించాను, ఆ చెయ్యి కోసమే.