పిల్లి గుండెకు నైలాన్ దారం

టైలరు అత్తయ్యకు నమస్కారాలు.

మామయ్య బస్సులో తెచ్చిన నీ నల్లపిల్లిని మా పశువుల ఆసుపత్రిలో చూశాను. గుండె రాయి చేసుకుని చదువు. దాని ఛాతీకి స్టెతస్కోపు ఆనిస్తే నువ్వు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆగకుండా ఒకటే చప్పుడు. పుట్టకముందు ఊపిరితిత్తులతో పని ఉండదు కాబట్టి, రక్తాన్ని పక్కకు మళ్లించే చిన్న నాళం ఒకటుంటుంది. పుట్టాక అది మూసుకుపోవాలి. దీనికి మూసుకోలేదు. రక్తం మళ్లీ మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోయి, గుండె అలిసిపోతోంది. ఆపరేషన్ చేసి ఆ నాళాన్ని దారంతో కట్టెయ్యాలి. లేకపోతే ఎక్కువకాలం బతకదు. అందాకా ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా మాత్రలిచ్చాను. వచ్చేవారం మళ్లీ పంపు.

నీ మేనల్లుడు

తా.క. స్కాన్ కోసం ఛాతీ పక్కన బొచ్చు గొరిగాం, కంగారుపడకు. మామయ్య ఎలాగూ నోరు విప్పడు కాబట్టి ఉత్తరం బుట్టలో పెట్టాను.

*

డాక్టరు అల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదువుతూ కత్తెర ఆడించేసరికి కస్టమరు ప్యాంటు నిక్కరైపోయింది. ఆరునెలల పసిదానికి గుండెజబ్బేమిటిరా! ఇప్పుడు ఆయాసపడుతూ బట్టల మూటమీద పడుకుంటుందా, అంతలోనే బీరువా మీంచి దూకుతుంది. తిండా, రెండింతలు! గొరిగినచోటు ఒకపూట కనిపిస్తుంది, ఒకపూట కనిపించదు. నా కళ్లజోడు మార్చాలి. ఆమధ్య మీ మామయ్య ఇంకో పిల్లిని తెస్తానంటే, 'తెస్తే దానితోపాటు మీరూ వీధిలోనే' అన్నాను. ఒక్కదానికే ఇంత బెంగ!

అత్తయ్య

తా.క. నైలాన్ దారం ఉండ పంపుతున్నాను. నల్లదే పంపాను, కుట్టు బయటికి తెలియదు.

*

అత్తయ్యా, ముందు కూర్చో.

ఈవారం మామయ్య తెచ్చినప్పుడు పిల్లి గుండెలో ఆ చప్పుడు లేదు! స్కాన్ చేస్తే నాళం మూసుకుపోయి ఉంది! గొరిగిన బొచ్చు వారంలో ఒత్తుగా వచ్చేసింది! మా పెద్దడాక్టరు ముందు స్టెతస్కోపు మార్చాలన్నారు, తర్వాత నన్ను మార్చాలన్నారు. ఆపరేషన్ రద్దు చేశాం. మాత్రలు ఆపెయ్యి.

తలతిరిగిపోతున్న మేనల్లుడు

తా.క. అసలేం పెట్టావు దానికి?

*

ఒరేయ్ అల్లుడూ,

పెట్టిందేం లేదు, గొరిగినచోట నా తలనూనె రాశాను. వీధంతా గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆ సంబరం సాయంత్రానికే ఆవిరైంది. నోరు తెరుచుకుని రొప్పుతోందిరా! ఛాతీమీద చెయ్యి పెడితే మిషను మళ్లీ తిరుగుతోంది. గొరిగినచోటు మళ్లీ బోడి! మొలిచిన బొచ్చు లోపలికెలా పోయిందిరా? ఎలాగైనా దాన్ని బతికించు.

అత్తయ్య

తా.క. మీ మామయ్య తెల్లమొహం వేసుకుని తిరుగుతున్నాడు. ఆయన గుండె కూడా ఓసారి చూడు.

*

అల్లుడికి,

మామయ్యను. పిల్లులు రెండు.

రెండోది దాని తోబుట్టువు, అచ్చం దానిలాగే నల్లది. వానలో వదిలెయ్యలేక తెచ్చి, గుడ్డపీలికల గదిలో దాచాను. ఒకటి దుకాణంలో ఉంటే ఇంకోదాన్ని గదిలో పెట్టేవాణ్ణి. దానికీ ఇదే జబ్బుందేమోనని భయమేసి, రెండోసారి దాన్ని తెచ్చాను. నువ్వు 'పిల్లిని తెచ్చావా మామయ్యా' అన్నావు, తలూపాను. ఎన్ని పిల్లులని ఎవరూ అడగలేదు. నావల్ల ఆపరేషన్ ఆగిపోతుందని కలలో కూడా అనుకోలేదు. మీ అత్తయ్య వీధిలోకి గెంటినా సరే, బోడిపక్కదాన్ని బతికించు. బుట్టలో రెండూ ఉన్నాయి.

మామయ్య

తా.క. (అత్తయ్య రాస్తున్నాను. బుట్ట బరువుందేమిటా అని మూత తీశాను.) ఆపరేషన్ వెంటనే చెయ్యి. పిల్లులను రెండింటినీ భద్రంగా పంపించు. మామయ్యను మాత్రం కొన్నాళ్లు అక్కడే ఉంచుకో.