ఎర్ర కంపెనీ, పచ్చ కంపెనీ, మూడు ట్రేల కూర

టెక్సస్ రాష్ట్రం కాపెల్‌లో ఉంటున్న, కీర్తిశేషులు బొల్లంపల్లి మల్లికార్జునరావు గారి భార్య పద్మజ అను నేను, వయస్సు ఎనభై ఒకటి, మోకాళ్ళు తప్ప మిగతా అంగాలన్నీ, ముఖ్యంగా బుర్ర, సక్రమంగా పనిచేస్తున్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, అసలు ఎవరికీ చెప్పకుండా, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు. మా అబ్బాయి స్నేహితుడూ బిజినెస్ కన్సల్టెంటూ అయిన లోకేష్ టైప్ చేయించి, "ఇక్కడొక సైన్, ఇక్కడొక సైన్ ఆంటీ" అంటూ నా చేత సంతకాలు పెట్టించుకున్న కాగితం మరీ రద్దు.

1. దీని ఇంగ్లీషు ప్రతి లాయరు దగ్గర ఉంది. ఏ ఆస్తి ఎవరికి అన్న చోట ఇంగ్లీషుదే పైమాట. ఎందుకు అన్న చోట ఈ తెలుగుదే పైమాట. నా కూతురు గీతాంజలి, కొడుకు అవినాష్ ఇద్దరూ ఈ దేశంలోనే పుట్టారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. కాబట్టి, నేను ఎగ్జిక్యూటర్‌గా, అంటే ఈ వీలునామా అమలు చేసేవారిగా, నియమిస్తున్న మా పాత స్నేహితులు, హెర్న్‌డన్‌లో ఉండే రాధాకృష్ణ గారు విమానమెక్కి వచ్చి, ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి దీన్ని పైకి చదవాలి. జూమ్‌లో కుదరదు. ఎవరైనా విసురుగా లేచి వెళ్తే, ఆయన కాఫీ తాగి, వాళ్ళు తిరిగి వచ్చాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. రాధాకృష్ణ గారి గొంతు మీకు తెలుసు. రెండోసారి వినాలని ఎవరికీ ఉండదు.

ఈ శ్రమకి ప్రతిఫలంగా, ఆయన కుటుంబం ఎప్పుడో మా ఇంటినుంచి పట్టుకెళ్ళిన ఇడ్లీ పాత్రని వారికే వదిలేస్తున్నాను. రేకులు మాత్రం తిరిగి ఇవ్వాలి.

2. నేనుంటున్న ఇల్లు అమ్మి, వచ్చింది పిల్లలిద్దరూ చెరిసగం తీసుకోవాలి. దీని మీద నాకు వ్యాఖ్యానం లేదు.

3. ఇక మీ ఇద్దరి కళ్ళూ పడ్డ ఆస్తి, క్యారల్టన్‌లోని నా భవనం. గీతాంజలి కాపెల్‌లో క్యాటరింగ్ నడుపుతోంది. అవినాష్ ప్లేనోలో టిఫిన్ హోటలు నడుపుతున్నాడు. క్యారల్టన్ రెండింటికీ మధ్యలో ఉంది. రెండు వ్యాపారాలనూ ఒకే కంపెనీ చేసి, నా భవనంలో ఒకే పెద్ద వంటశాల పెట్టాలని పథకం. లోకేష్ ల్యాప్‌టాప్ తెరిచి, రంగురంగుల బొమ్మలు చూపించి, "సినర్జీ ఆంటీ! వన్ ప్లస్ వన్ ఈక్వల్స్ త్రీ" అన్నాడు. నాయనా, నేను లెక్కల్లో ఎమ్మే చదివాను అన్నాను. వినిపించుకోలేదు.

4. భవనం సంగతి తేల్చే ముందు రైలు కంపెనీ సంగతి చెప్పాలి. "మళ్ళీ రైలా" అని అవినాష్ కళ్ళు తిప్పుతాడు. రాధాకృష్ణ గారూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగి వాడి వంక చూడండి.

అరవై ఎనిమిదిలో తూర్పు తీరాన రెండు పెద్ద రైలు కంపెనీలు ఒకటయ్యాయి. పేర్లు రాయను. ఎర్ర కంపెనీ, పచ్చ కంపెనీ అనుకోండి, మా ఆఫీసులో అందరూ అలాగే అనేవారు. తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చిన నేను అప్పుడు ఎర్ర కంపెనీ కంప్యూటర్ విభాగంలో కొత్తగా చేరాను. చీర మీద స్వెట్టరు వేసుకుని, ఏ వ్యాగన్‌ని ఏం చేయాలో చెప్పే చిల్లుల కార్డులు యంత్రంలో పెట్టేదాన్ని.

కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు మనవాళ్ళు. అవి అచ్చంగా సమవుజ్జీలే, అదే కొంప ముంచింది. ఒకటి పెద్దదై రెండోది చిన్నదైతే చిన్నది తలవంచేది. ఇక్కడ ఇద్దరూ వరుడి తరఫువాళ్ళే! ఎర్ర పెద్దమనిషి ఒక అంతస్తులో, పచ్చ పెద్దమనిషి ఇంకో అంతస్తులో కూర్చుని, ఒకరి ఉత్తర్వు మీద ఒకరు ఉత్తర్వు వేసేవారు. క్యాంటీన్‌లో కూడా ఎర్రవాళ్ళు కిటికీ వైపు, పచ్చవాళ్ళు గోడ వైపు.

ఏళ్ళ తరబడి లాయర్లు ఈ పెళ్ళి మాటలు మాట్లాడారు. విడిది, విందు, ఫొటోలు, అన్నీ ఘనంగా జరిగాయి. ఇద్దరి భాషా ఒకటేనా అని మాత్రం ఎవరికీ తోచలేదు. మా ఎర్రవాళ్ళ కార్డు మీద హెచ్ అక్షరం ఉంటే హోల్డ్, అంటే వ్యాగన్ ఆపి ఉంచమని. పచ్చవాళ్ళ కార్డు మీద అదే హెచ్ ఉంటే హాల్, అంటే వెంటనే లాక్కుపొమ్మని. కార్డులు కలిపేశారు. ఇంకేముంది! వెళ్ళాల్సిన బంగాళాదుంపలు యార్డులో మొలకలెత్తి కుళ్ళాయి. ఆపమన్న బొగ్గు అడగని ఊరికి పోయి కూర్చుంది. సరుకు పంపేవాళ్ళు మాకొక దండం పెట్టి లారీలు మాట్లాడుకున్నారు.

రెండున్నరేళ్ళు తిరక్కుండా కంపెనీ దివాలా తీసింది. పేపర్లు చాలా కారణాలు రాశాయి. కొత్త హైవేలు, లారీలు, నష్టమొచ్చే పాసింజరు బళ్ళను ఆపనివ్వని ప్రభుత్వం, పక్కపక్కనే అవే ఊళ్ళకి పోయే రెండేసి పట్టాలు. అన్నీ నిజమే. అప్పు తెచ్చి వాటాదారులకి డివిడెండ్లు పంచారు, అదీ నిజమే, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. తిలాపాపం తలా పిడికెడు. కానీ ఆ కార్డులు చేత్తో పట్టుకున్నదాన్ని కాబట్టి నా లెక్క వేరు. మీ దగ్గర హెచ్ అంటే ఏమిటి అని అడగడం ఇద్దరికీ నామోషీ అయింది. అడిగితే తగ్గినట్టట. అందుకే మునిగారు.

5. ఇప్పుడు మన ఇంటి విలీనం. లోకేష్ సలహా మీద మీరిద్దరూ ప్రయోగాత్మకంగా ఒక ఆర్డరు కలిసి చేశారు. ఫ్రిస్కోలో గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. కాపెల్‌లో గీతాంజలి మేనేజరు కావ్యశ్రీ, బాపట్ల పిల్ల, ప్లేనో వంటశాలకి మెసేజ్ పెట్టింది: కూర మూడు ట్రేలు, పదింటికల్లా. ప్లేనోలో అవినాష్ వంటమాస్టరు రఘు, జగిత్యాల అబ్బాయి, పదింటికల్లా మూడు ట్రేలు పంపాడు. పంతులు గారు కథ ముగించి లేచేసరికి ఎవరో మూత తీశారు. మటన్.

"కూరన్నరు, కూర పంపిన. మా దిక్కు కూరంటే మాంసమే గదా! నా తప్పేముంది?" అన్నాడు రఘు. "వ్రతానికి కూర అంటే వంకాయో దొండకాయో కాక ఇంకేంటండీ!" అంది కావ్యశ్రీ. ఇద్దరూ నిజమే చెప్పారు. పాపం ఆ ఇంటివాళ్ళు మాత్రం గోమూత్రం కోసం ఊరంతా డ్రైవ్ చేశారు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. మన ఉమ్మడి మేక ట్రేలలో వ్రతానికి వచ్చింది. ఆ రోజు నవ్వుకుని ఊరుకుంటే అయిపోయేది. "వాడి స్టాఫ్‌కి కామన్ సెన్స్ లేదు అమ్మా" అని గీత. "అక్క ఇన్‌స్ట్రక్షన్స్ క్లియర్‌గా ఇవ్వాలి కదా, ఇట్స్ నాట్ ఆన్ మీ" అని వీడు. ఆనాటి నుంచి మీరిద్దరూ మాట్లాడుకోరు. దీపావళికి నా ఇంటికి ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా వచ్చారు. ముందు వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా రెండోవాళ్ళు వీధి చివర కారులో కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూశాను. నాకు చచ్చేంత ఏడుపు వచ్చింది.

అయినా విలీనం మాత్రం ఆగలేదు! సంతకాలకి తేదీ కూడా వెతుకుతున్నారట. సారీ అనడం కంటే రెండు కంపెనీలు కలపడం తేలికగా కనబడుతోంది మీకు. ఎర్రవాళ్ళూ పచ్చవాళ్ళూ కూడా అచ్చం ఇలాగే అనుకున్నారు.

6. కాబట్టి క్యారల్టన్ భవనాన్ని ఈ విధంగా ఇస్తున్నాను. ఉత్తరపు సగం గీతాంజలికి. దక్షిణపు సగం అవినాష్‌కి. మధ్యలో ఉన్న గోడ ఉండాలి. గోడలో ఒక తలుపు పెట్టించాలి. దానికి ఏ వైపూ గడియ ఉండకూడదు. ఎవరి పొయ్యి వాళ్ళది, ఎవరి పేరు వాళ్ళది. మీరిద్దరూ వ్యాపారాలు కలిపి ఒకే కంపెనీ చేసిన మరుక్షణం, మొత్తం భవనం ఎగ్జిక్యూటర్ గారికి నచ్చిన రైలు మ్యూజియానికి పోతుంది. భవనం వెనకే గూడ్సు బళ్ళు పోతుంటాయి కనుక వాళ్ళకి కూడా సౌకర్యంగానే ఉంటుంది. ఇలాంటి షరతు కోర్టులో నిలవడం కష్టమని లాయరు అన్నాడు. కోర్టుకి వెళ్ళాలంటే ముందు మీరిద్దరూ కలిసి మాట్లాడుకోవాలి కదా, నాకదే చాలు అన్నాను.

7. చిన్నచిన్నవి:

లోకేష్‌కి, కలిసిపోయిన ఆ రైలు కంపెనీ అప్పట్లో నాకు అంటగట్టిన వాటా పత్రం, ఫ్రేముతో సహా. దాని మీద రైలింజను బొమ్మ చాలా బాగుంటుంది. ఆఫీసులో క్లయింట్లకి ఎదురుగా తగిలించుకోవాలి. వన్ ప్లస్ వన్ ఎంతవుతుందో అది చెబుతుంది.

అల్లుడు మోహన్‌కి, మా గరాజ్‌లో ఉన్న గ్యాసు పొయ్యి. మామగారు పోయాక దాని మీద పావురాల బొమ్మలు పెట్టి ఊరుకున్నాను. నువ్వొక్కడివే ప్రతిసారీ దాన్ని తుడిచి వెళ్ళేవాడివి, నేను చూశాను బాబూ.

మనవరాలు వర్షకి, నా చీరలన్నీ, స్వెట్టరు కూడా. చీర మీద స్వెట్టరు ఇప్పుడు ఫ్యాషనట కదా. మేము చలికి వేసుకున్నాం తల్లీ.

రఘుకి, కావ్యశ్రీకి ఏమైనా ఇవ్వాలని ఉంది. కానీ వాళ్ళని సాక్షులుగా పెట్టుకున్నాను, సాక్షులకి ఆస్తి ఇవ్వడం మంచిది కాదని లాయరు అన్నాడు. వాళ్ళిద్దరే ఎందుకంటే, ఆ మటన్ గొడవ తర్వాత రెండు వంటశాలల మధ్య ఒకరితో ఒకరు మాట్లాడుతున్నది వాళ్ళే.

8. చివరిది, గూట్లో ఉన్న స్టీలు క్యారియరు. దాని కథ మీకెప్పుడూ చెప్పలేదు.

కంపెనీలు కలిసిన కొత్తలో పచ్చవాళ్ళ ఆఫీసు నుంచి ఒక కరీంనగర్ అబ్బాయిని మా అంతస్తుకి మార్చారు. మొత్తం భవంతిలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. అతను పచ్చ, నేను ఎర్ర, కాబట్టి పలకరించుకుంటే రెండు వైపులా అనుమానమే. అయినా ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, "ఐతారం నేను కూర తెస్త, మీరు అన్నం వండుండ్రి" అన్నాడు. తెలుగు వంట తిని ఎన్నాళ్ళయిందో! గుత్తివంకాయ అయి ఉంటుందని ఊహించుకుంటూ అన్నం వండాను. వచ్చాడు, ఈ క్యారియరు తెరిచాడు. నాలుగు గిన్నెల నిండా మటన్. నేను పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు.

తలుపు చూపించి పొమ్మనవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతని మొహంలో ఎంత సంబరమో! "ఇదేమిటండీ, కూర అన్నారుగా?" అన్నాను. "గిదే కూర. మీ దిక్కు కూరంటే ఏంది?" అన్నాడు. చెప్పాను. అతను చెప్పాడు. అన్నం చల్లారిపోయింది, ఆ రోజు నేను అన్నంలో ఆవకాయ కలుపుకున్నాను, అతను గిన్నె పట్టుకుని వరండాలో కూర్చుని తిన్నాడు. మర్నాడు ఆఫీసులో నేనే వెళ్ళి అడిగాను, మీ దిక్కు హెచ్ అంటే ఏమిటండీ అని. ఇద్దరం కలిసి పైవాళ్ళకి చెప్పాం. పచ్చవాళ్ళు మార్చుకోవాలి అన్నాడు ఎర్ర ఆఫీసరు. ఎర్రవాళ్ళు మార్చుకోవాలి అన్నాడు పచ్చ ఆఫీసరు. కంపెనీ పోయింది. మేము పెళ్ళి చేసుకున్నాం.

ఆ రోజు నుంచి మన ఇంట్లో రెండు పొయ్యిలు. నాది లోపల, ఆయనది గరాజ్‌లో. ఉత్తి "కూర" అనే మాట ఇద్దరం మానేశాం, ఏ కూరో చెప్పాల్సిందే. అందుకే ఆ మాటకి రెండు అర్థాలున్నాయని తెలియకుండానే మీరిద్దరూ పెరిగారు. మేము ఎప్పుడూ కలిసిపోలేదు పిల్లలూ. ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు. మీరిద్దరూ ఈ భూమ్మీదకి వచ్చింది మూడు ట్రేలలాంటి పొరపాటు వల్లే. అదే పొరపాటు మీ మధ్య జరిగితే ఒకరికొకరు లేకుండా పోతున్నారు. అది తలుచుకుంటేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

క్యారియరు గిన్నెలు నాలుగూ అవినాష్‌కి. వాటిని పట్టి ఉంచే చట్రం, పిడి గీతాంజలికి. విడివిడిగా దేనికీ పనికిరావు. కలపమని నేను చెప్పడం లేదు. ఎక్కడికైనా పట్టుకెళ్ళాలంటే మాత్రం ఒకరికొకరు ఫోన్ చేయాలి. చేసినప్పుడు ముందుగా, ఏ కూర అని అడగండి.

ఈ పై సంగతులన్నీ చదివి, నవ్వాల్సిన చోట నవ్వి, ఏడవాల్సిన చోట ఏడ్చి, కింద సంతకం చేస్తున్నాను.

కాపెల్, టెక్సస్
14 మార్చి 2026

(సంతకం) బొల్లంపల్లి పద్మజ

సాక్షులు:

1. రఘు, వంటమాస్టరు, ప్లేనో. కూర పంపినవాడు. నివాసం: ప్లేనోలో హోటలు వెనక అపార్ట్‌మెంట్లు, రెండో అంతస్తు.

2. కావ్యశ్రీ, మేనేజరు, కాపెల్. కూర అడిగినది. నివాసం: పైన రాసినదే. పోయిన నవంబరులో ఇద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. మిమ్మల్నిద్దరినీ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోబెట్టాలో తెలియక పిలవలేదట. నేను వెళ్ళాను. రెండు రకాల కూర పెట్టారు.